బ్రేకుకు నూనె తగిలితే

ఇప్పుడు కొన్ని గేరు సైకిళ్లకు డిస్కు బ్రేకులు వస్తున్నాయి. చక్రం నడుమ గుండ్రని ఉక్కు రేకు ఉంటుంది. అదే డిస్కు. బ్రేకు నొక్కితే రెండు ప్యాడ్లు ఆ రేకును గట్టిగా పట్టుకుంటాయి. ఆ రాపిడికే చక్రం ఆగుతుంది.

'బ్రేకు కీచుమంటోంది, ఒక చుక్క నూనె వేద్దాం' అంటారు కొందరు. చైనుకైతే వేయాల్సిందే. బ్రేకుకు వేస్తే ఆ రాపిడి పోతుంది కదమ్మా! భాకరాపేట కనుమ దిగేటప్పుడు బ్రేకు పట్టకపోతే బిడ్డ గతి ఏమి?

నూనె తగిలిందా? మందుల షాపులో దొరికే స్పిరిట్‌తో గుడ్డ తడిపి, చల్లారిన రేకును తుడవండి. పొయ్యికి దూరంగా తుడవండి, స్పిరిట్ అంటుకుంటుంది. కిరసనాయిలు వద్దు, జిడ్డు మిగులుతుంది.

ప్యాడ్ల సంగతి వేరు. వడ నూనె పీల్చినట్టు అవి పీల్చుకుంటాయి. తుడిస్తే పోదు. కాలిస్తే చెడ్డ పొగ. రెండూ మార్పించండి. కొత్తవి వేశాక, మిట్టపల్లం లేని చోట నిదానంగా తొక్కుతూ, ఇరవై సార్లు బ్రేకు నొక్కమనండి. అప్పటికి బ్రేకు బాగా పడుతుంది.