పీరియడ్ యాప్ చూపించే 'సేఫ్ డేస్'ని ఎంతవరకు నమ్మొచ్చు?

పీరియడ్ ట్రాకర్ యాప్ ఏది ఇన్‌స్టాల్ చేసినా క్యాలెండర్‌లో కొన్ని రోజులకు రంగు వేసి చూపిస్తుంది. ఆ రంగుని నమ్మి ఫ్యామిలీ ప్లానింగ్ చేయొచ్చా? పెళ్లయ్యాక రెండేళ్లు పిల్లలు వద్దనుకున్నాం. మాత్రలు నాకు పడలేదు. దాంతో ఏడాదిగా నేను, మా ఆయన సహజ పద్ధతినే ఫాలో అవుతున్నాం. అసలు యాప్ లోపల ఏం జరుగుతుందో సింపుల్‌గా చూద్దాం.

క్యాలెండర్ లెక్క ఎలా పనిచేస్తుంది?

మామూలు యాప్ మీ పాత సైకిల్స్ సగటు తీసి, వచ్చే పీరియడ్ తేదీ అంచనా వేసి, అందులోంచి సుమారు 14 రోజులు వెనక్కి వెళ్తుంది. అదే అండం విడుదలయ్యే రోజు అనుకుంటుంది. అండం ఒక్క రోజుకు మించి ఉండదు, కానీ వీర్యకణాలు 5 రోజుల దాకా బతకగలవు. అంటే రిస్క్ సుమారు 6 రోజులు.

చిక్కేంటంటే, ఇదంతా పాత డేటాతో వేసిన అంచనా. ఈ నెల జ్వరమో, ప్రయాణమో, టెన్షనో వచ్చి అండం వారం లేటైతే ఆ సంగతి యాప్‌కి తెలీదు. రంగు మాత్రం పాత చోటే ఉంటుంది.

టెంపరేచర్ ఏం చెబుతుంది?

అండం విడుదలయ్యాక ప్రొజెస్టెరాన్ హార్మోన్ వల్ల శరీర ఉష్ణోగ్రత 0.2 నుంచి 0.5 డిగ్రీల సెల్సియస్ పెరుగుతుంది. వరుసగా 3 రోజులు, అంతకుముందు 6 రోజుల కంటే పైన ఉంటే అండం విడుదలైపోయినట్టు లెక్క. ఇంత చిన్న తేడా పట్టాలంటే రెండు దశాంశాలు చూపించే థర్మామీటర్ కావాలి. నిద్ర లేవగానే, మంచం దిగకముందే చూడాలి.

గుర్తుపెట్టుకోవాల్సింది ఒకటుంది. టెంపరేచర్ జరిగిపోయినదాన్నే చెబుతుంది, రాబోయేదాన్ని కాదు. ముందు రోజుల సంగతి తెలియాలంటే తెల్లబట్టలో వచ్చే మార్పులు కూడా గమనించాలి. ఆ పని టెంపరేచర్ సెన్సర్ చేయదు.

వాచ్ ఉంటే సరిపోతుందా?

యాపిల్ వాచ్ సిరీస్ 8 నుంచి నిద్రలో మణికట్టు టెంపరేచర్ తీసుకుంటుంది. కానీ దీన్ని గర్భనిరోధానికి వాడొద్దని యాపిలే చెబుతోంది. 2018లో అమెరికా ఎఫ్‌డీఏ అనుమతి పొందిన న్యాచురల్ సైకిల్స్ యాప్ కూడా మామూలు వాడకంలో 93 శాతమే. అంటే ఏడాదిలో 100 మందిలో 7 మందికి గర్భం రావచ్చు.

మేం ఎలా వాడుతున్నాం?

పొద్దున్నే నేను నంబర్ చదువుతాను, మా ఆయన ఎంటర్ చేస్తారు. రిలీజ్ ఉండి రాత్రంతా కాల్స్‌లో ఉంటే ఆ రోజు రీడింగ్ లెక్కలోకి తీసుకోం. యాప్ ఏ రంగు చూపించినా సరే, టెంపరేచర్ 3 రోజులు పైన నిలబడేదాకా మాకది 'నో'నే. కొన్ని నెలల్లో ఈ 'నో' రోజులు 18 దాకా వెళ్తాయి. ఆ రోజుల్లో కండోమ్, లేదంటే దూరం. రోజూ 'నో' చెప్పే బాధ్యత భార్య ఒక్కదానిదే అయితే ఈ పద్ధతి నిలవదు. గ్రాఫ్ ఇద్దరూ చూడాలి.

ఎవరికి సెట్ కాదు?

పీరియడ్స్ సరిగ్గా రానివాళ్లు, పీసీఓఎస్ ఉన్నవాళ్లు, పాలిచ్చే తల్లులు, నైట్ షిఫ్ట్ చేసేవాళ్లు దీనిమీద ఆధారపడకపోవడమే మంచిది. గర్భం వస్తే ఆరోగ్యానికి ప్రమాదం అని డాక్టర్ చెప్పినవాళ్లయితే అసలే వద్దు. మిగతావాళ్లు కూడా మొదలుపెట్టే ముందు ఒకసారి గైనకాలజిస్ట్‌ని కలవండి. యాప్‌ని నోట్‌బుక్‌లా వాడండి, నిర్ణయం మాత్రం మీ ఇద్దరిదే.