గోలీ మింగినోళ్లు సైటేషన్ రాయరు

వేములవాడ, సిరిసిల్ల దిక్కు కెమిస్ట్రీల డిగ్రీ చేసిన పోరగాళ్లు ఎమ్మెస్సీ అనంగనే ముందుగాల ఆర్గానిక్ కెమిస్ట్రీ దిక్కే చూస్తరు. హైదరాబాద్ ఫార్మా కంపెనీలల్ల కొలువు దొరుకుతదని ఆశ. అండ్ల కొందరు పీహెచ్‌డీ దాక పోతున్రు. వాళ్లు నన్ను అడిగేది ఒకటే: "అన్నా, గా సారుకు హెచ్-ఇండెక్స్ ముప్పై అంట, ఆయన దగ్గర చేరాల్నా?" గీ ముప్పై ఏం జెప్తదో, ఏం జెప్పదో ఇయ్యాల విడమర్చి చెప్త.

శాస్త్రవేత్త తను కనుక్కున్నదాన్ని పేపర్ రాసి జర్నల్‌ల అచ్చేపిస్తడు. ఇంకొకలు తమ పేపర్‌ల "ఈ సంగతి ఫలానా పేపర్ నుంచి తీసుకున్నం" అని రాస్తే, గది ఒక సైటేషన్. గీ లెక్కలు గట్టాలన్న ఆలోచన 1955ల అమెరికా ఆయన యూజిన్ గార్‌ఫీల్డ్ బయటపెట్టిండు. 2005ల హిర్ష్ అనే భౌతిక శాస్త్రవేత్త హెచ్-ఇండెక్స్ తెచ్చిండు. ఒక మనిషి పేపర్లల్ల పదింటికి తలా పది సైటేషన్లకు తక్కువ కాకుండ వస్తే ఆయన ఇండెక్స్ పది. పదకొండు కావాల్నంటే పదకొండు పేపర్లకు తలా పదకొండు రావాలె. ఒక్క పేపర్‌కే పదివేలు వచ్చి, మిగతావాటికి ఏం రాకపోతే ఇండెక్స్ ఒకటే!

ఇగ మన తెలుగాయన ముచ్చట చూడుండ్రి. యల్లాప్రగడ సుబ్బారావు 1895ల భీమవరంల పుట్టిండు. అమెరికా పోయి, హార్వర్డ్‌ల ఫిస్క్ అనే సారుతోటి కలిసి 1925ల ఒక పేపర్ రాసిండు. రక్తంల, మూత్రంల భాస్వరం ఎంత ఉందో రంగును బట్టి కొలిచే పద్ధతి అది. మాలిబ్డేట్ కలిపి, ఇంకో ఆర్గానిక్ మందు వేస్తే నీలిరంగు వస్తది. రంగు ఎంత చిక్కగుంటే భాస్వరం అంత ఎక్కువ. మన మట్టి పరీక్షలల్ల భాస్వరం కొలిచేది గూడ గీ నీలిరంగు సూత్రంతోనే. ప్రపంచంల వేల మంది ఆ పేపర్‌ను సైట్ చేసిన్రు. ఇంకెందరో "ఫిస్క్-సుబ్బారావు పద్ధతి" అని పేరు మాత్రం చెప్పి, పేపర్ సైట్ చేయకుండనే వాడుకున్నరు. అవి ఏ లెక్కల రావు.

పద్ధతి చెప్పే పేపర్లకు సైటేషన్లు మస్తు వస్తయి, ఎందుకంటే అందరికీ అక్కరకొస్తయి. 2014ల నేచర్ పత్రిక ఎక్కువ సైటేషన్లున్న వంద పేపర్ల జాబితా ఇచ్చింది. మొదటి నంబర్ ప్రొటీన్ కొలిచే 1951 నాటి పద్ధతి, మూడు లక్షలకు పైన సైటేషన్లు. డీఎన్‌ఏ నిర్మాణం చెప్పిన పేపర్ ఆ వందల లేనే లేదు. గట్లని అది చిన్న పేపరా?

సుబ్బారావు 1940ల లెడర్లీ అనే మందుల కంపెనీకి పోయిండు. అక్కడ ఆయన నడిపించిన బృందం 1947ల బోదకాలు పురుగు మీద పనిచేసే డైఇథైల్‌కార్బమజైన్‌ను బయటపెట్టింది. మన ఊళ్లల్ల ఆశా వర్కర్లు ఇంటింటికి తెచ్చి మింగిపిచ్చిన డీఈసీ గోలీ గదే. కోట్ల మంది మింగిన్రు. మింగినోళ్లెవ్వరు సైటేషన్ రాయలే. 1948ల ఆయన 53 ఏండ్లకే చనిపోయిండు.

హైదరాబాద్ ఐఐసీటీల పనిచేసిన ఏ.వి. రామారావు ముచ్చట గూడ గిట్లనే. ఎయిడ్స్ మందు ఏజెడ్‌టీని ఇక్కడనే తయారుజేసే దారి ఆయన జట్టు కనుక్కొని సిప్లాకు ఇచ్చింది. 1993ల ఆ మందు మార్కెట్‌కు వచ్చింది. 2001ల అదే సిప్లా, ఏడాదికి పదివేల డాలర్లకు పైన పడే మూడు మందుల చికిత్సను 350 డాలర్లకు ఇస్తనన్నది. ఫ్యాక్టరీల మందు తయారైతే సైటేషన్ పెరగదు, పానం నిలవడతది.

గట్లని హెచ్-ఇండెక్స్ ఉత్తదని నేననను. ఒకాయన పనిని వేరేటోళ్లు వాడుకుంటున్నరా లేదా అనేది అది కొంత జెప్తది. కని చేరేముందు ఇవి గూడ చూడుండ్రి: ముప్పై ఏండ్ల సర్వీసు సారును, ఐదేండ్ల సారును ఒక్క తక్కెడల తూకం వేయొద్దు. తన పేపర్లను తనే సైట్ చేసుకున్నడా చూడాలె. పేపర్‌ల పదిహేను పేర్లుంటే ఆయన చేసిన పనేందో అడగాలె. అన్నిటికన్న ముఖ్యం, ఆయన దగ్గర పీహెచ్‌డీ చేసినోళ్లు ఇప్పుడు ఏడున్నరో, ఎన్నేండ్లకు బయటపడ్డరో వాళ్లకే ఫోన్ చేసి తెలుసుకోవాలె.

ఇంకోటి. "పైసలు కట్టు, వారంల పేపర్ అచ్చేస్తం" అనే మెసేజ్‌లకు పడిపోవద్దు. మంచి జర్నల్లు కొన్ని గూడ ఫీజు తీసుకుంటయి, కని ముందుగాల తెలిసినోళ్లతోటి పేపర్ పరీక్ష చేపిస్తయి. వారంల గది అయ్యే పని కాదు. పీహెచ్‌డీ థీసిస్ ఇయ్యనీకి పేపర్ అచ్చు కావాల్సిందే అన్న నిబంధనను యూజీసీ 2022లనే తీసేసింది. కొన్ని యూనివర్సిటీలు సొంతంగ అడుగుతయి, మీ యూనివర్సిటీ రూల్ సదువుకోండ్రి. అమ్మ బీడీలు చుట్టిన పైసలు, నాయిన మగ్గం మీద కూసున్న పైసలు దొంగ జర్నల్‌కు పోసుడు ఎందుకు?