గొలుసు రంపమునకు కావలసిన పనిముట్లు

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమును తాకినప్పుడు వీథులనేకము కూలిన చెట్లతో మూసికొనిపోయెను. గొడ్డలికి గంటలు పట్టు మ్రానును పెట్రోలుతో నడచు గొలుసు రంపము నిమిషములలో కోయును. కాని అట్టి దినముననే, త్రాడెంత లాగినను ఇంజను అంటుకొననిచో నేమి చేయుదుము? ఇట్టి యంత్రము గలవారి యింట నుండవలసిన పనిముట్లను గూర్చి కొంత విన్నవింతుము.

మొదటిది ప్లగ్గు పానా. మొరాయించిన ఇంజనులో ముందుగా విప్పి చూడవలసినది స్పార్కు ప్లగ్గునే. అది తడిసియున్నచో పెట్రోలు ఎక్కువైనదనియు, పొడిగా నున్నచో పెట్రోలు అందుటలేదనియు ఊహింపవచ్చును. దాని కొనల నడుమ ఎడము సాధారణముగా అర మిల్లీమీటరు. ఫీలర్ గేజి యను పలుచని రేకుల కట్టతో దానిని కొలువవలెను, కంటికొలత చాలదు.

అసలు చిక్కు క్లచ్చి కడ వచ్చును. పెక్కు రంపములలో క్లచ్చికి ఎడమ మర యుండును. విప్పుటకు గడియారపు ముల్లు తిరుగు దిక్కుననే త్రిప్పవలెను. ఇది తెలియనివారు బలము చూపినకొలది అది మరింత బిగియును. పైగా, పిస్టను కదలకుండ ఆపవలెను గదా! ఇందుకై ప్లగ్గు రంధ్రములో స్క్రూ డ్రైవరు దూర్చువారు కలరు. పిస్టను అల్యూమినియముది, మెత్తనిది. సొట్టపడును, చిల్లియు పడవచ్చును. పిస్టను పొగ ద్వారమును దాటి పైకి వచ్చిన పిమ్మట మెత్తని త్రాటిని రంధ్రము గుండ దించి, కొనను బయట నుంచుట క్షేమము. ద్వారము తెరచియుండగా దించినచో త్రాడు దాని అంచున నలిగి తెగును.

రంపము చెక్కపేళ్లకు మారుగా పొడి రాల్చుచున్నచో పళ్లు మొద్దుబారినవన్నమాట. గుండ్రని ఆకురాయితో, ప్రతి పంటిని సమానముగా, ఒకే దిక్కున రాయవలెను. గొలుసును బట్టి ఆకురాయి లావు మారును: చిన్నవాటికి 4 మిల్లీమీటర్లు, కొంచెము పెద్దవాటికి 4.8. పంటి ముందున్న బొడిపెను మాత్రము గేజి లేక ముట్టరాదు. అది మితిమీరి అరిగినచో పన్ను లోతుగా కరచి, రంపము మనిషి మీదికే ఎగురును. గొలుసును ముట్టుటకు ముందు ప్లగ్గు తీగ ఊడదీయుడు, చేతి తొడుగులు వేసికొనుడు.

కడపట ఒక కొలపాత్ర. ఏబది పాళ్లకు ఒక పాలు చొప్పున, లీటరు పెట్రోలునకు 20 మిల్లీలీటర్ల టూ-స్ట్రోకు నూనె అనునది నేటి యంత్రములు పెక్కింటికి వాడుక. మీ యంత్రపు పుస్తకములో వేరుగా నున్నచో దానినే అనుసరింపుడు. నూనె లేని పెట్రోలుతో ఇంజను కొద్దిసేపటికే పట్టుకొనిపోవును. కలిపిన డబ్బాపై చీటీ అంటించి, మోటారు సైకిలు పెట్రోలునకు దూరముగా నుంచుడు.