పెర్మిలి నుండి ఫైనలుకు

ఆట చూడబోవడమంటే బండి ఎక్కడమే కదా అని పట్టణవాసులు అనుకోవచ్చును. పెర్మిలివారికి అది బండి దాకా పోవడముతో మొదలవుతుంది. 2024 డిసెంబరు 31న హైదరాబాదు గచ్చిబౌలిలో జరిగిన సంతోష్ ట్రోఫీ ఫుట్‌బాల్ ఫైనలుకు మేము పోయివచ్చిన వైనము మన కుటుంబాలవారికి ముందు ముందు పనికిరావచ్చునని వ్రాస్తున్నాము.

మా మేనల్లుడు పదవ తరగతి. ఆ యేడు దీపావళికి యింటికి వచ్చినవాడు మళ్ళీ ఆశ్రమ పాఠశాలకు పోనని మొండికెత్తినాడు. "సదివి ఏం జేస్త మామా, ఆలపల్లిల దుకాణంల కుదురుకుంట" అన్నాడు. వానికి ప్రాణమంతా బంతి మీదనే. పరీక్షకు కూర్చుంటే ఫైనలు చూపిస్తామని మేము నోరు జారినాము. వాడు మర్నాడే పెట్టె సర్దుకున్నాడు. అక్క మాత్రము నవ్వలేదు. "మాట తప్పినవంటే వాడు మల్ల బడి మెట్టు ఎక్కడు, తమ్మీ" అన్నది.

హైదరాబాదే యెందుకంటే, అదే యేడు వచ్చిన 'మైదాన్' చిత్రాన్ని వాడు ఫోనులో చూసినాడు. అది హైదరాబాదు వాడైన కోచి సయ్యద్ అబ్దుల్ రహీము కథ. ఆయన తర్ఫీదులో మనవారు 1956 మెల్‌బోర్ను ఒలింపిక్సులో నాలుగవ స్థానము, 1962 జకార్తా ఏషియాడులో బంగారు పతకము తెచ్చినారు. సికిందరాబాదు పక్కన అమ్ముగూడలో పుట్టిన తులసీదాసు బలరాము ఆ రెండు జట్లలోనూ వున్నాడు. 1941లో మొదలైన యీ సంతోష్ ట్రోఫీనే హైదరాబాదు జట్టు 1956-57లోనూ, మరు యేడూ గెలిచినది. యిప్పటి పిల్లలకు హైదరాబాదులో క్రికెట్టు తప్ప మరొకటి వుండేదని చెప్పినా నమ్మరు.

యిక టిక్కెట్ల సంగతి. ఫైనలు ఎవరెవరికి పడుతుందో 29వ తేదీ రాత్రికి గాని తెలియదు. రైలువారు అంతదాకా ఆగరు గదా! పూర్వము 120 రోజుల ముందు రిజర్వేషను యిచ్చేవారు. 2024 నవంబరు 1 నుండి దానిని 60 రోజులకు తగ్గించినారు. మేము మేలుకునేసరికి నవంబరు నెల సగము గడిచినది. పెర్మిలిలో సిగ్నలును నమ్ముకోలేక అహేరి పోయి, మాకూ, మా యింటావిడకూ, వానికీ కాగజ్‌నగరు నుండి సికిందరాబాదుకు తీయించినాము. మూడూ వెయిటింగు లిస్టే.

యిక్కడ మాకు తెలిసివచ్చిన కిటుకు వొకటి వున్నది. ముగ్గురి పేర్లూ వొకే పి.ఎన్.ఆర్. మీద వుంటే, అందులో వొక్కటి ఖాయమైనా మిగతావారి పేర్లు కూడా చార్టులో వుంటాయి, ముగ్గురూ బండి ఎక్కవచ్చును. ఫోనులో తీసిన టిక్కెట్టు పూర్తిగా వెయిటింగులోనే మిగిలితే దానంతట అదే రద్దయి డబ్బు వాపసు వస్తుంది. అప్పుడు తత్కాలే గతి. అది ప్రయాణానికి ముందురోజు, ఏ.సి.కి పది గంటలకు, మామూలు తరగతికి పదకొండింటికి తెరుస్తారు. మాకు ముందురోజు ఆదివారము, ఆ వేళకు మేము అడవిదారిలో వుంటాము! అందుచేత ఆ ఆశ వదలుకున్నాము.

సెలవుల లెక్క యింకొక తంటా. కచేరీలో మాకు రెండు క్యాజువల్ సెలవులు మిగిలినవి, యేడాదితో అవి మురిగిపోయేవే. 30, 31 తేదీలకు అవి వాడి, 1వ తేదీకి కొత్త యేటి ఖాతాలోది వ్రాసి యిచ్చినాము. సాహెబు చాలాసేపు కాగితము వంక చూసి సంతకము పెట్టినారు.

29న పెర్మిలి నుండి ఆలపల్లి, అహేరి మీదుగా గూడెము వంతెనపై ప్రాణహిత దాటినాము. మా చిన్నతనములో అక్కడ పడవే దిక్కు. రాత్రి కాగజ్‌నగరులో చుట్టాలింట వుండగా కబురు తెలిసినది: బెంగాలు సర్వీసెస్‌ను 4-2తో, కేరళ మణిపూరును 5-1తో ఓడించినవి. మా టిక్కెట్టు మాత్రము యింకా తేలలేదు. మావాడు అన్నము కెలుకుతూ కూర్చున్నాడు. మర్నాడు బండికి నాలుగు గంటల ముందు చార్టు వచ్చినది. రెండు ఖాయము, వొకటి వెయిటింగు. ఉన్న రెండు సీట్లలో ముగ్గురము సర్దుకున్నాము. మా యింటావిడ సణిగినది గాని జొన్నరొట్టెలు పంచి పెట్టినదీ ఆమెనే.

31 సాయంత్రము మెట్రోలో రాయదుర్గము దాకా, అక్కడి నుండి ఆటోలో. ఆటోవాడు కొత్త సంవత్సరమని మూడింతలు అడిగినాడు. ఆట రాత్రి ఏడున్నరకు. సికిందరాబాదు బావమరిది, "రాత్రి పదకొండు దాటితే ఫ్లైఓవర్లు మూస్తరు, జల్ది రాండ్రి బావా" అని మరీ మరీ చెప్పినాడు. తొంభై నిమిషాలయినా వొక్క గోలూ లేదు. అదనపు అరగంట, ఆపైన పెనాల్టీలూ అంటే మా గతి యేమని గడియారము చూసుకుంటున్నాము. గాయాల సమయము నాలుగవ నిమిషములో రొబి హాఁస్దా గోలు కొట్టినాడు. బెంగాలు 1-0తో 33వ సారి ట్రోఫీ ఎత్తినది. ఆ పోటీలో అతనివి మొత్తము 12 గోళ్ళు. బర్ద్వాను జిల్లా పల్లెలోని సంతాలు పిల్లవాడు. మావాడు ఆ పేరు రెండుసార్లు అడిగి తెలుసుకొని, టిక్కెట్టు కాగితము వెనుక వ్రాసుకున్నాడు.

1వ తేదీ రాత్రికి యిల్లు చేరినాము. 2న మేము కచేరీకి బయలుదేరుతుంటే వాడు పెట్టెతో బస్సు దగ్గర నిలబడి వున్నాడు.

"మామా, పరీక్ష ఫిబ్రవరిలనేనా?" అన్నాడు. అవునన్నాము. బస్సెక్కినాడు.