పుట్టింటి ఎకరం

పసుపు కుంకుమల కింద పుట్టింటివారు ఎకరమో అరెకరమో ఇస్తే, దాన్ని కౌలుకిచ్చి పట్నంలో కాపురాలు చేసుకుంటున్నవాళ్లం మనలో చాలామందిమి. సంక్రాంతికి కౌలు ముట్టిందా లేదా, అంతవరకే మన వ్యవసాయం. నాదీ ఆ వరసే. గోదావరి కాలువ కింద నాకో ఎకరం ఉంది.

పోయిన వేసవిలో ఊరెళితే మా కౌలుదారు, "అమ్మాయిగారూ, ఒకప్పుడు బస్తా యూరియాతో పండిన చేనండి, ఇప్పుడు రెండు వేసినా లేవట్లేదండి" అన్నాడు.

యూరియాలో నూటికి 46 పాళ్లు నత్రజని. భాస్వరం, పొటాషు, జింకు అందులో లేవు. చల్లిన కొద్దిరోజులకే పైరు నల్లగా, కంటికింపుగా ఎదుగుతుంది. మోతాదు మించితే మెత్తబడి గాలివానకి పడిపోతుంది, దోమపోటూ అగ్గితెగులూ తగులుకుంటాయి. తెలిసీ ఎందుకు వేస్తారంటే, చవక. 2010లో తక్కిన ఎరువుల సబ్సిడీ పద్ధతి మార్చారు గాని, యూరియా ధరని మాత్రం ప్రభుత్వం తన అదుపులోనే ఉంచుకుంది. 2023లో 45 కిలోల యూరియా బస్తా 270 రూపాయల లోపే. 50 కిలోల డి.ఎ.పి. బస్తా 1,350. చేతిలో డబ్బు లేనివాడు దేన్ని కొంటాడు చెప్పండి!

అసలు లోటు మట్టిలో ఉంది. పాలెన్ని ఉన్నా తోడు లేనిదే పెరుగు కాదు కదా. మట్టికి తోడు, అందులో కుళ్లే ఆకూ అలమూ పేడా, వాటిని తిని బతికే సూక్ష్మజీవులూ. ఎడ్లు పోయి ట్రాక్టర్లొచ్చాయి, పెంటపోగులు పోయాయి. ఆ తోడు లేక వేసిన యూరియాలో కొంత గాలిలోకీ, కొంత నీళ్లలోకీ పోతోంది.

"జీలుగ చల్లకూడదా? 45, 50 రోజులకి పూత మీద దమ్ములో తొక్కిస్తే ఎరువే కదా, వేళ్ల బుడిపెల్లో గాలిలోని నత్రజనీ పడుతుంది" అన్నాను, నాకేదో తెలిసినట్టు.

"చల్లొచ్చండి. వచ్చే ఏడు చేను నాదేనని ఏంటండి? ఆ బలం ఇంకోడు తింటాడు" అన్నాడు.

నాకు నోట మాట రాలేదు. అంతకు ముందటేడు రెండు బస్తాలు ఎక్కువిస్తానన్నాడని పాత కౌలుదారుని మార్చింది మేమే. మా వారు సణిగినా, మూడేళ్లకి కాగితం రాసిచ్చాను, కౌలు పెంచకుండా. ఎకరంలో పది చోట్ల జానెడు లోతు మట్టి తీయించి, కలిపి, అరకిలో పరీక్షకి పంపాం. జింకు తక్కువని వచ్చింది. మూడు పంటలకోసారి 20 కిలోల జింకు సల్ఫేటు చాలట, ఆ ఖర్చు నాది అన్నాను. ఈ తొలకరికి జీలుగ మోకాలెత్తు లేచింది.