ప్లానులో గీత ఉంది... కంప్యూటరుకు కనబడదు!

లేయర్ల చిక్కుముడితో తిరిగొస్తున్న ఇంటి ప్లాన్లు

నరసరావుపేట: మిర్చి అమ్మిన సొమ్ము చేతికొస్తుంది. పత్తి బాకీలు తీరతాయి. ఆషాఢం రాకముందే శంకుస్థాపన చేసుకుందామని రైతు పట్టణంలో కొన్న అయిదు సెంట్ల స్థలానికి ప్లాను గీయిస్తాడు. తీరా దరఖాస్తు పెడితే ‘స్థలం హద్దు కనబడలేదు’ అంటూ తిరిగొస్తుంది. కాగితం మీద చూస్తే హద్దు నల్లగా, స్పష్టంగానే ఉంటుంది. తప్పు స్థలంలోనూ లేదు, కాగితంలోనూ లేదు. కంప్యూటరులో ఆ గీతను దాచిన అరలో ఉంది.

రాష్ట్రంలో పట్టణ భవనాల అనుమతులకు ఆన్‌లైన్ విధానం 2016లో వచ్చింది. అంతకు ముందు ప్లానును అధికారి కళ్లతో చూసి, స్కేలు పెట్టి కొలిచేవారు. ఇప్పుడు ఆ పని చాలావరకు సాఫ్ట్‌వేర్ చేస్తోంది. దానికి కళ్లు లేవు. ఫలానా గీత ఫలానా లేయర్‌లో, ఎక్కడా తెగకుండా మూసిన గీతగా ఉంటేనే అది హద్దు అని గుర్తిస్తుంది. లేకుంటే ఎంత అందంగా గీసినా లేనట్టే లెక్క.

అద్దాల పొరలు

పలుచని ట్రేసింగ్ కాగితాలను ఒకదానిపై ఒకటి పరిచినట్టు ఉండేవే లేయర్లు. గోడలు ఒక దానిలో, తలుపులు మరో దానిలో, కొలతలు ఇంకో దానిలో ఉంటాయి. తలుపు, కిటికీ, మంచం వంటి వాటిని మాటిమాటికీ గీయకుండా ఒకసారి గీసి దాచుకునే బొమ్మను బ్లాకు అంటారు. బ్లాకులో మరో బ్లాకు ఉండవచ్చు. స్నానాలగది ఒక బ్లాకు అయితే, అందులోని వాష్‌బేసిన్ ఒక బ్లాకు, దాని కుళాయి ఇంకో బ్లాకు. వీటినే నెస్టెడ్ బ్లాకులు అంటారు. చిక్కంతా ఇక్కడే మొదలవుతుంది.

గుంటూరు కోల్డ్ స్టోరేజీ తెలిసిన వారికి ఇది సులువుగానే అర్థమవుతుంది. మార్కా వేసిన టిక్కీని ఏ గదిలో పెట్టినా దాని మార్కా మారదు. అలాగే బ్లాకులో వేరే లేయర్‌పై గీసిన గీత ఆ లేయర్‌నే పట్టుకుని ఉంటుంది. ‘0’ అనే లేయర్‌పై గీసినది మాత్రం మార్కా లేని టిక్కీ వంటిది. బ్లాకును ఏ లేయర్‌లో ఉంచితే దాని గుణమే తీసుకుంటుంది. ఇక బ్లాకు ఉన్న లేయర్‌ను ‘ఫ్రీజ్’ చేస్తే గదికి తాళం వేసినట్టే. లోపల ఎవరి మార్కా సరుకున్నా ఒక్కటీ కనబడదు. అదే లేయర్‌ను ‘ఆఫ్’ చేస్తే మాత్రం మార్కా లేనివే మాయమవుతాయి. వేరే లేయర్ల గీతలు కనబడుతూనే ఉంటాయి. ఈ తేడా తెలియక పూటంతా వెతుక్కునే కుర్రాళ్లున్నారు.

దొంగ గీతను పట్టేదెలా?

ముందుగా ఫైలుకు నకలు తీసుకోవాలి. తర్వాత లేయర్లన్నీ వెలిగించి, ఫ్రీజ్ తీసి, తాళాలు విప్పాలి. సగం చిక్కులు ఇక్కడే తేలిపోతాయి.

గీతపై ‘లిస్ట్’ ఆదేశం ఇస్తే పై బ్లాకు ఉన్న లేయరే చెబుతుంది. లోపలి గీత లేయర్ తెలియాలంటే ఆటోక్యాడ్‌లో ‘ఎక్స్‌లిస్ట్’ వాడాలి. అప్పుడు బ్లాక్ ఎడిటర్ తెరిచి, అన్నిటికన్నా లోపలి బ్లాకు నుంచి మొదలుపెట్టి సరిచేసుకుంటూ పైకి రావాలి. మామూలు బొమ్మలకు గీతలను ‘0’ లేయర్‌లోకి మార్చి, రంగును ‘బైలేయర్’ చేస్తే చాలు. స్థలం హద్దు, భవనం హద్దు వంటి లెక్కకు వచ్చే గీతలను మాత్రం బ్లాకులో దాచకుండా విడిగా, నిర్దేశించిన లేయర్‌లోనే గీయాలి.

తొందరపడి ‘ఎక్స్‌ప్లోడ్’ చేస్తే కొత్త తలనొప్పి వస్తుంది. అది ఒక్కసారికి ఒక్క పొరనే విప్పుతుంది. బ్లాకులో రాసిన తలుపుల కొలతలు, పేర్లు పోయి వాటి గుర్తులు మాత్రం మిగులుతాయి. రాసినవి నిలవాలంటే ‘బరస్ట్’ వాడాలి.

ఖాళీగా కనబడే లేయర్ చెరగకపోతే ఏదో బ్లాకు దానిని పట్టుకుని ఉందని అర్థం. ‘పర్జ్’తో వాడని బ్లాకులను లోపలి పొరలతో సహా తీసేస్తే చాలాసార్లు అదీ పోతుంది. ‘లేడెల్’ మొండిది. బ్లాకుల లోపలి గీతలను కూడా తుడిచేస్తుంది. చివరగా ‘ఆడిట్’ చేయడం మంచిది.

తెరపై కనబడి కాగితంపై రాని గీత సాధారణంగా ‘డెఫ్‌పాయింట్స్’ లేయర్‌లో ఉంటుంది. కొలత వేయగానే ఆటోక్యాడ్ తనంతట తానే పెట్టుకునే లేయర్ అది. ప్రింటుకు రాదు.

అరువు తలుపుల తంటా

ఈ చిక్కుల్లో ఎక్కువ భాగం అరువు బ్లాకులతో వచ్చేవే. ఎవరో అంగుళాల్లో గీసిన తలుపును మీటర్ల ప్లానులో దించితే అది ఇంటికన్నా పెద్దదవుతుంది. యూనిట్లు ముందే సరిచూసుకోవాలి. మనవారు స్థలాన్ని సెంట్లలో, గజాలలో చెబుతారు. ప్లాను మీటర్లలో కావాలి. సెంటు అంటే 48.4 చదరపు గజాలు, అంటే 40.47 చదరపు మీటర్లు. ఆ లెక్కన అయిదు సెంట్లు 202 చదరపు మీటర్ల పైచిలుకు.

ప్లాను ఒకసారి తిరిగొస్తే పోయేది గీసినవారి కూలి ఒక్కటే కాదు. అనుమతి కాగితం లేనిదే బ్యాంకు అప్పు కదలదు. మేస్త్రీ వేరే పనికి ఒప్పుకుంటాడు. ఆషాఢం వస్తే ముహూర్తం శ్రావణానికి పోతుంది. అప్పటికి వానలు, సేద్యం పనులు మీద పడతాయి. పంట డబ్బు ఇంటి గోడల్లోకి పోకుండా చేతిఖర్చులకు కరిగిపోతుంది.

అందుచేత ప్లాను గీయించుకునేవారు ప్రింటు ఒక్కటే చూసి తృప్తి పడకూడదు. హద్దు గీతలు విడిగా, సరైన లేయర్‌లో ఉన్నాయా అని గీసినవారిని ఒక్క మాట అడగాలి. అసలు ఫైలు నకలు కూడా తీసుకుని దాచుకోవాలి. రేపు పై అంతస్తు వేసుకునేటప్పుడు అదే అక్కరకొస్తుంది.