పసిబిడ్డకు ఊపిరి పోయు యంత్రములు

ఆత్మకూర్ వంటి పల్లెపట్టులలో పసిబిడ్డల ఊపిరికి ముప్పు తెచ్చు ఆపదలలో ముఖ్యమైనవి రెండు: న్యుమోనియా, కట్లపాము కాటు. పెద్దాసుపత్రిలో "వెంటిలేటరు పెట్టవలెను" అన్న మాట వినగానే చాలమంది తల్లిదండ్రులు ఆశ వదలుకొందురు. ఈ భయము సరికాదు. ఆ యంత్రము రోగమును కుదుర్చదు. మందు పనిచేయువరకు బిడ్డకు గడువు నిచ్చును. అందు ఏ పద్ధతి ఎప్పుడు తగునో పంచాయతీ సభ్యులు తెలిసికొనుట మేలు.

తొలినాటి యంత్రములలో ఒకటి 1928లో బోస్టను నగరమున వచ్చిన ఇనుప పెట్టె. తల తప్ప దేహమంతయు అందులో నుండెడిది. లోపలి గాలిని లాగివేసినప్పుడు ఛాతీ విప్పారి ఊపిరి లోనికి పోయెడిది. 1952లో కోపెన్‌హేగన్‌లో పోలియో ప్రబలగా అట్టి పెట్టెలు చాలలేదు. అప్పుడు బ్యోర్న్ ఇబ్సెన్ అను వైద్యుడు రోగి గొంతులో గొట్టమమర్చి, రబ్బరు తిత్తితో గాలి నెట్టించెను. వైద్య విద్యార్థులు వంతులవారీగా రేయింబవళ్లు ఆ తిత్తిని పిసికిరి. నేటి వెంటిలేటరు ఆ చేతిపనికి యంత్రరూపమే.

కట్లపాము విషము వలన ఊపిరితిత్తులు చెడవు. వానిని కదలించు కండరములు చచ్చుబడును. అట్టి బిడ్డ ఊపిరి ఆగినచో గొట్టము, యంత్రము తప్పవు. అయితే గాలి ఎక్కువైనచో తిత్తులకే హాని. తక్కువ గాలి నిచ్చిన రోగులలో మరణములు తగ్గినట్లు 2000లో అమెరికాలో పెద్దలపై జరిగిన పరీక్షలో తేలినది. పిల్లలకు సాధారణముగా కిలో బరువునకు 6 మొదలు 8 మిల్లీలీటర్లు. అనగా పది కిలోల బిడ్డకు ఒక్కొక్క ఊపిరికి చిన్న టీ గ్లాసెడు గాలి చాలును.

న్యుమోనియా బిడ్డ తానే ఊపిరి తీయగలిగినచో సున్నితమైన పద్ధతి కలదు. దానిని బబుల్ సీపాప్ అందురు. ముక్కుగొట్టముల ద్వారా గాలి ఎడతెగక వచ్చుచుండును. వెలుపలి గొట్టపు చివర నీటిలో మునిగియుండి బుడగలు వేయును. మునిగిన లోతే ఒత్తిడికి కొలత. ఆ ఒత్తిడి తిత్తులను ముడుచుకొనిపోనీయదు.

ఢాకాలో జరిగి 2015లో ప్రకటింపబడిన పరీక్షలో, ఈ పద్ధతి పొందిన 79 మంది పిల్లలలో ముగ్గురును, సాధారణ ఆక్సిజన్ పొందిన 67 మందిలో పదిమందియు మరణించిరి. కాని ఆఫ్రికాలోని మలావీ దేశమున ఒక జిల్లా ఆసుపత్రిలో, ఎక్కువ ప్రమాదమున నున్న బిడ్డలపై జరిగిన పరీక్ష ఫలితము 2019లో వెలువడినది. అందు సీపాప్ పొందినవారిలో నూటికి 17 మంది, ఆక్సిజన్ పొందినవారిలో 11 మంది మరణించిరి. అచట వైద్యుని నిత్య పర్యవేక్షణ లేకుండుట ఇందుకు ఒక కారణము కావచ్చును. కావున యంత్రము కలదా అని మాత్రమే గాక, రాత్రివేళ దాని చెంత వైద్యుడు, నర్సు కలరా అనియు అడుగవలెను.

ఊరిలో చేయదగినది వేగిరపాటు. బిడ్డ నెమ్మదిగా నున్నప్పుడు నిమిషము పాటు ఊపిరులు లెక్కింపుడు. రెండు నెలల లోపు 60, ఏడాది లోపు 50, అయిదేండ్ల లోపు 40 లేక అంతకు మించినచో ఆ దినమే ఆరోగ్య కేంద్రమునకు చేర్పవలెను. డొక్కలెగురుచున్నను, పాలు త్రాగలేకున్నను, పాము కరచినదను అనుమానమున్నను వెంటనే 108కు ఫోను చేయవలెను. గడువు నిచ్చు యంత్రము నగరమున నున్నను, ఆ గడువును కాపాడుట మన చేతిలోనే కలదు.